చెప్పు మారితే పట్టేసే ఎంజైమ్: స్టాన్‌ఫర్డ్ నుంచి హబ్సిగూడ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మన కణాల్లో పనిచేసే ఒక ఎంజైమ్ చరిత్ర చెప్తా. దాని పేరు డీటీడీ.

ముందు కొంచెం బేసిక్స్. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. దాన్ని గుచ్చేది రైబోజోమ్. ఒక్కో అమైనో ఆమ్లాన్ని అక్కడికి మోసుకొచ్చేది టీఆర్ఎన్ఏ. గ్లైసిన్ తప్ప మిగతావన్నీ కుడి చెప్పు, ఎడమ చెప్పులాగ రెండు రూపాల్లో ఉంటాయి: ఎల్, డి. మన ప్రొటీన్లకు కావాల్సింది ఎల్ మాత్రమే. కానీ కణాల్లో డి కూడా తిరుగుతుంటది. బ్యాక్టీరియా అయితే తమ గోడ కట్టుకోవడానికే దాన్ని వాడతాయి.

1967లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ కాలెండార్, పాల్ బెర్గ్ ఒక విషయం బయటపెట్టారు. బ్యాక్టీరియాలో డి-టైరోసిన్ పొరపాటున టీఆర్ఎన్ఏ ఎక్కేస్తోంది. ఇంకో ఎంజైమ్ వచ్చి దాన్ని కత్తిరించి దించేస్తోంది. అదే మన డీటీడీ! తర్వాత ఆ జీన్ తీసేసి చూస్తే, డి-టైరోసిన్ ఉన్నచోట బ్యాక్టీరియా పెరగడమే కష్టమైంది.

అసలు చిక్కు ఇక్కడుంది. కణంలో ఎక్కువగా ఉండేది ఎల్లే. డీటీడీ పొరపాటున దాన్ని కూడా కత్తిరిస్తే ప్రొటీన్ తయారీయే ఆగిపోతది. మరి తేడా ఎట్లా తెలుస్తది?

ఆ జవాబు 2013లో మన దగ్గరే దొరికింది. నల్లగొండ నుంచి హైవే మీద ఎల్బీ నగర్ దాకా వచ్చి, ఉప్పల్ దాటితే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది కదా, అక్కడ. రాజన్ శంకరనారాయణన్ బృందం మలేరియా పరాన్నజీవి డీటీడీ నిర్మాణాన్ని స్ఫటికాల ద్వారా చూసింది. ఎంజైమ్ లోపల గ్లైసిన్, ప్రోలిన్ కలిసి ఒక ఇరుకు సందు కట్టాయి. అందులో ఎల్ పట్టదు. అంటే డీటీడీ పని తప్పును గుర్తుపట్టడం కాదు, ఒప్పును లోపలికి రానివ్వకపోవడం!

సాఫ్ట్‌వేర్‌లో మేం టెస్ట్ రాసేటప్పుడు తప్పును పట్టుకోవడమే చూస్తాం. మంచి కోడ్‌ను ఆపకుండా వదలడం అంతకంటే కష్టం.

జన్యు సంకేతం తప్పుల్లేకుండా ప్రొటీన్‌గా ఎట్లా మారుతుందో చూపినందుకు ఆయనకు 2020లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య 46 ఏళ్లు. నల్లగొండ ఎంజీయూలో, పాలమూరు యూనివర్సిటీలో సైన్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు "దీంతో జాబ్ వస్తదా?" అని అడుగుతుంటారు. అడగాల్సిందే. దాంతోపాటు "ఇది ఎట్లా పనిచేస్తది?" అని కూడా అడగండి. ఈ కథంతా ఆ ఒక్క ప్రశ్నతోనే నడిచింది.

మళ్లీ కలుద్దాం!