స్వహస్తలేఖములు : మోజార్టు వ్రాఁతప్రతుల చరిత్రము

ప్రాచీనతామ్రశాసనముల తుద "స్వహస్తో మమ" యను వాక్యము పెక్కుచోట్లఁ గానవచ్చును. క్రీ. శ. 628 వ సంవత్సరప్రాంతమున హర్షచక్రవర్తి యొసఁగిన బాంస్‌ఖేడా శాసనమున నీ వాక్యము తీఁగెలు సాగిన పెద్దయక్షరములతోఁ జెక్కఁబడియున్నది. "ఇది నా చేవ్రాలు" అని దాని తాత్పర్యము. అయినను రాగిఱేకుపై నులి నడపినవాఁడు రాజు గాఁడు, శిల్పి. చేయి యొకనిది, స్వహస్తమను మాట వేఱొకనిది. ఈ చిక్కు రాజశాసనములకే కాక కవులయు గాయకులయు నటులయు లేఖములకుఁ గూడఁ గలదు. ఐరోపాఖండమున నట్టి లేఖములను సేకరించుట రెండువందల యేండ్లుగా నొక విద్యగాను, ఒక్కొక్కయెడ నొక వ్యసనముగాను వర్ధిల్లినది. ఆ దేశస్థులు చేవ్రాలి ప్రక్కను "మాను ప్రోప్రియా" యను లాటినుపదములను గుదించి వ్రాయుచుండిరి. లాటినుభాషలోఁ దృతీయాపంచములకు రూపభేదము నశించినందున "స్వహస్తముచేత" ననియే దీని కర్థము. మన స్వహస్తశబ్దమునకు నింతకంటె సరియైన పర్యాయము దొరకదు.

ఈ సంగ్రహణమువలనఁ గలిగిన మేలును గీడును దెలిసికొనుటకు మోజార్టను సంగీతరచయిత లేఖముల చరిత్ర మొక్కటి చాలును. ఇతఁడు 1756లో సాల్జుబర్గునఁ బుట్టి, 1791 డిసెంబరు 5 వ తేదిని వియన్నానగరమున ముప్పదియైదేండ్ల ప్రాయమున మృతినొందెను. మన త్యాగరాజస్వామి (1767-1847) యితనికంటెఁ బదునొకండేండ్లు చిన్న. ఒక్క కాలమువారే యైనను వీరి కృతులు మనకుఁ జేరిన త్రోవలు వేఱు. త్యాగరాజకృతులు శిష్యుల కంఠములనుండి శిష్యుల కంఠములకు నడచివచ్చినవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులవారి పరంపరలో వ్రాయఁబడి, మధుర సౌరాష్ట్రసభలో భద్రపఱుపఁబడిన తెలుఁగు వ్రాఁతపుస్తకములు నేఁటి పరిశోధకుల కాధారములలో ముఖ్యములు. మోజార్టు కృతులకో, కొట్టివేఁతలతో సిరామఱకలతోఁ గూడ రచయిత మూలప్రతులే నిలిచియున్నవి. గురుముఖమును నమ్మిన సంప్రదాయము తక్కువదనిగాని, కాగితమును నమ్మినది యెక్కువదనిగాని నేను జెప్పను. పాణిని చేతివ్రాఁత మన కొక్కయక్షరమైనను లేదు. అష్టాధ్యాయి కందువలన లోపము రాలేదు. కాని కాగితమును నమ్మిన జాతి కాగితమును గాపాడవలసియుండును. అదియే యిచటి కథ.

మోజార్టు గతించునప్పటి కతని భార్యయగు కాన్‌స్టాన్‌ట్సెకు మిగిలిన ధనము స్వల్పము, ఋణములు మెండు, వ్రాఁతప్రతులు మాత్రము రాశి. ఆ రాశిలోఁ బెద్దభాగమును 1799-1800 సంవత్సరములలో ఆఫెన్‌బాఖు నగరమందలి ఆండ్రే యను సంగీతగ్రంథప్రకాశకుని కామె విక్రయించెను. చిల్లరగాఁ జెదరిపోవలసిన ప్రతులిట్లొకచోటఁ గూడుట మహాభాగ్యము. 1842లో ఆండ్రే మరణించినపిదప వారసులు వానిని బంచుకొనిరి. వారి పాళ్లలోఁ బెక్కింటిని బెర్లిను రాజగ్రంథాలయమువారు 1873లోఁ గొనిరి.

ఆ రాశిలోనిదే మోజార్టు స్వయముగా వ్రాసికొన్న కృతులపట్టిక. ఎడమపుటలోఁ గృతి ముగిసిన దినము, పేరు, వాద్యముల వివరము. కుడిపుటలో నా కృతియొక్క తొలిస్వరములు. మన వ్యాఖ్యాతలు శ్లోకమంతయు వ్రాయక మొదటి రెండుమాటలను బ్రతీకగా నుదాహరించు పద్ధతి యిదియే. 1784 ఫిబ్రవరి 9 వ తేదినుండి 1791 నవంబరు 15 వ తేదివఱకు నిందు 145 కృతులు గలవు. అటుపైఁ గొన్నిపుటలలో సంగీతరేఖలు గీయఁబడియున్నవి. వానిపై స్వరములు లేవు.

ఇట్టి మూలములుండఁగా నొక మాయలేఖ నూఱేండ్లకుఁ బైఁగా విద్వాంసులను మోసపుచ్చిన సంగతి చదువరులు గమనింపఁదగినది. లైప్‌జిగు నగరమున నొక సంగీతపత్రికను నడపిన రోఖ్‌లిట్సు 1815లో మోజార్టు వ్రాసిన దని యొక లేఖను బ్రకటించెను. కృతి యంతయుఁ దన మనస్సులో నొక్కమాఱుగాఁ బరిపూర్ణమై తోఁచుననియు, దానిని గాగితముపైఁ బెట్టుట శ్రమలేని పని యనియు నా లేఖలోని సారాంశము. ఆ లేఖయొక్క మూలకాగిత మెవ్వరికిని గానరాలేదు. మోజార్టు చరిత్రమును 1856-59 సంవత్సరములలోఁ బ్రకటించిన ఓట్టో యా లేఖ ప్రామాణ్యమును శంకించెను. అయినను లోకము విడువలేదు. ప్రతిభ యనఁగా శ్రమలేమి యని నమ్మఁగోరువారి కది మిక్కిలి యింపైన సాక్ష్యము గదా! హాదమారను ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుఁడు 1945లోఁ బ్రకటించిన గ్రంథమునఁ గూడ దానిని గ్రహించియున్నాఁడు. ఆప్తవాక్యము ప్రమాణమని నైయాయికు లందురు. అయితే వాక్య మాప్తునిదే యని ముందు సిద్ధింపవలెను. ఆ భాగము రోఖ్‌లిట్సు విషయమున నెవ్వరును విచారింపరైరి.

విచారించుటకుఁ దగిన సాధనములు గ్రంథాలయములలో నున్నవి. మోజార్టు హైడనుగారి కంకితమిచ్చిన యాఱు చతుర్వాద్యకృతుల మూలప్రతులు నేఁడు లండను బ్రిటిషు గ్రంథాలయమునఁ గలవు. వానిలోఁ గొట్టివేఁతలును దిద్దుఁబాట్లును సమృద్ధముగా నున్నవి. 1785లో అచ్చయిన యంకితపత్రికలో నివి దీర్ఘపరిశ్రమకు ఫలములని రచయితయే చెప్పుకొనెను. అంతేకాదు. అలన్ టైసను అను నాంగ్లేయపండితుఁడు మోజార్టు వ్రాసిన కాగితముల నొక్కొక్కదానిని వెలుతురున కడ్డముగాఁ బట్టి, యందలి నీటిగుర్తులను బరీక్షించి, 1987లో గ్రంథముగాఁ బ్రకటించెను. ఏ గుర్తుగల కాగితమును మోజార్టు ఏ యేఁట వాడెనో తెలిసినచో నే పుట యెప్పుడు వ్రాయఁబడినదో తెలియును. పియానోవాద్యమునకై రచించిన కృతి యొకటి పట్టికలో 1786 డిసెంబరు 4 వ తేదినిఁ జేర్పఁబడినది. దాని మొదటిపుటల కాగిత మంతకు రెండేండ్లకు ముందటిది. అనఁగా రచయిత దాని నారంభించి, తోఁపక మూలఁబెట్టి, మరల నెత్తుకొని పూర్తిచేసెను. మాయలేఖలోని యొక్కమాఱు తోఁచుట యెక్కడ? ఈ నీటిగుర్తులు ముద్రితగ్రంథమున రావు, వేఱొకరు వ్రాసిన ప్రతిలో రావు. మూలకాగితమును గాపాడుట యందలి ప్రయోజన మిట్టిది. మన బ్రౌనుదొర పండితులను బెట్టి తాళపత్రప్రతులను సరిచూపించి పాఠములు నిర్ణయింపించెను. పాఠము చేతికందినతోడనే తాటాకును నిర్లక్ష్యము చేయువారు మనలో నింకను గలరు.

స్వహస్తమే మోసమునకు సాధనమైన కథ యొకటి కలదు. వల్సెగ్గు అను ప్రభువు 1791లో భార్యను గోల్పోయి, యామె స్మృతికై యొక పితృకర్మగానమును మఱొకని ద్వారమున రహస్యముగా మోజార్టుచే వ్రాయింపఁబూనెను. దానిని దన కృతిగాఁ జెప్పుకొనవలెనని యతని యెత్తు. మోజార్టు కొంతభాగమును వ్రాసి మరణించెను. సగము సొమ్ము ముందే ముట్టియుండెను. తక్కినది రావలె ననినఁ గృతి పూర్తికావలెను. కాన్‌స్టాన్‌ట్సె మఱికొందఱ నడిగి, తుదకు స్యూస్‌మాయరను వానిచేఁ బూర్తిచేయించెను. ఇతని చేతివ్రాఁత గురువుగారి వ్రాఁతను మిక్కిలి పోలియుండును. ఒప్పగించిన ప్రతియొక్క మొదటిపుటపై మోజార్టు చేవ్రాలును, దాని వెంట 1792 అను సంవత్సరమును గలవు. 1791 డిసెంబరులోఁ గాలధర్మము నొందినవాఁడు 1792లోఁ జేవ్రాలు చేయుట యెట్లు? చేవ్రాలి యక్షరములు పరీక్షకులను మోసపుచ్చఁగలవు, తేది మోసపుచ్చలేదు. ప్రభువు దానినంతయుఁ దన చేతితో మరల వ్రాసికొని, కర్త స్థానమునఁ దన పేరు నిలిపి, 1793 డిసెంబరులోఁ బాడించెను. అదియు స్వహస్తలేఖమే! "ఎవని చేయి" యను ప్రశ్నకు "ఎవని కృతి" యను ప్రశ్న సమానము గాదని యింతకంటె స్పష్టముగాఁ జెప్పు నుదాహరణము నే నెఱుఁగను. మోజార్టు వ్రాసిన పుటలును శిష్యుఁడు చేర్చిన పుటలును గలిసిన యా ప్రతి 1838లో వియన్నా రాజగ్రంథాలయమునకుఁ జేరెను.

ఇఁక సంగ్రాహకుల సంగతి. వీరిలో రెండుజాతులు గలవు. మొదటివారికిఁ గాగితము విభూతివంటిది. ఎంత చిన్నదైనను జాలును, తమ పెట్టెలో నుండవలెను. 1782 అక్టోబరు 19 వ తేది వేసి మోజార్టు వ్రాసిన పియానోకృతి యొకటి కడపటి పుటలు లేకయే ఆండ్రే చేతికి వచ్చి, పిమ్మట నింగ్లండునకుఁ జేరెను. స్టెర్న్‌డేలు బెన్నెట్టను సంగీతజ్ఞుఁడు దానిని సంపాదించి, ముక్కలుముక్కలుగాఁ గోసి స్నేహితులకుఁ బంచిపెట్టెను. బెన్నెట్టు మూర్ఖుఁడు గాఁడు, మంచి సంగీతరచయిత. భక్తిచేతనే కోసెను. పండితు లా ముక్కలను వెదకి యతుకుటకు నూఱేండ్లు పట్టినది. తుదిపుటలు 1980లో బ్రిటిషు గ్రంథాలయములో నితరపత్రముల నడుమ టైసనుకుఁ గనఁబడినవి.

రెండవజాతివారికి నుదాహరణము పాలీన్ వియార్డో అను గాయని. రంగస్థలమున మహాఖ్యాతి గాంచిన యీమె "డాన్ జొవాన్ని" నాటకసంగీతముయొక్క మూలప్రతిని 1855లో లండనునఁ గొనెను. అంతకుముందు పెద్దగ్రంథాలయములు దానిని గొనమని త్రోసివేసినవి. ఈమె కొన్నియాభరణములమ్మి యా ధనము కూర్చెనని చెప్పుదురు. ప్రతి కొక పేటిక చేయించి పారిసునందలి తన యింట నుంచి, కోరినవారికిఁ జూపుచుండెను. రొస్సీని దానిని దర్శించెను. 1886లో రష్యాదేశీయుఁడగు చైకోవ్‌స్కీ చూచి పరవశుఁడయ్యెను. తుదకు 1892లోఁ బారిసు సంగీతవిద్యాలయమునకు దానిని సమర్పించెను. నేఁడది ఫ్రాన్సు జాతీయగ్రంథాలయమునఁ గలదు. ఒక నటీమణి నగలమ్మి చేసినపనిని గ్రంథాలయాధికారులు ప్రభుత్వధనముతోఁ జేయకపోయిరి.

లేఖల విషయమునఁ గష్టము వేఱు. సంగీతపుటను దాఁచుటకు వెఱపులేదు, లేఖలో నింటిగుట్టుండును. మోజార్టు కడపటికాలమున భార్యకు వ్రాసిన లేఖలలోఁ గొన్నిపేరులు చదువరాకుండ దట్టముగాఁ గొట్టివేయఁబడినవి. ఇది కాన్‌స్టాన్‌ట్సెయొక్క రెండవభర్తయు, మోజార్టు చరిత్రకారుఁడు నగు నిస్సెను చేసినపని యని పలువురి మతము. వియన్నాకాలమునఁ దండ్రి కుమారునకు వ్రాసిన లేఖలు నశించినవి. కుమారుని ప్రత్యుత్తరములు మాత్ర మున్నవి. పూర్వపక్షము పోయి సిద్ధాంతము మిగిలిన గ్రంథమువలె నవి చదువుకొనవలసియున్నవి. చిన్నతనమున నతఁడు పినతండ్రికూఁతునకు వ్రాసిన లేఖలు మిక్కిలి గ్రామ్యములు. చమత్కారము గలవైనను రుచివిరుద్ధములు గావున సమగ్రముగా నచ్చువేయఁదగవని కాన్‌స్టాన్‌ట్సె 1799లోఁ బ్రకాశకులకు వ్రాసెను. ఆమె వానిని ముద్రింపనీయలేదు, కాల్చనులేదు. కొట్టివేసిన వారికంటె నామె వివేకవతి యని నా యభిప్రాయము.

ఆ లేఖలలో నొకదానిని 1931లో స్టెఫాన్ త్స్వైగ్ ఏఁబదిప్రతులు మాత్రమచ్చువేయించి మిత్రులకుఁ బంచెను. మనస్తత్త్వవేత్తయగు ఫ్రాయిడునకు నొకటి పంపెను. వియన్నావాసియగు నీ రచయిత బడిపిల్లవాఁడై నటుల చేవ్రాళ్లను గూర్చుటతో మొదలిడి, క్రమముగాఁ గవుల, గాయకుల మూలప్రతులకుఁ గడఁగెను. శుభ్రముగా నెత్తివ్రాసిన ప్రతికంటెఁ గొట్టివేఁతలు గల చిత్తుప్రతి యితనికిఁ బ్రియము. కృతి పుట్టుచుండఁగాఁ జూడవలెనని కోరిక. మోజార్టు కృతుల పట్టికయు నితనికడకుఁ జేరెను. 1934లో సాల్జుబర్గునందలి యితని యింటిని రక్షకభటులు సోదాచేయఁగా నితఁడు దేశమును విడిచెను. సంగ్రహమును గొంత యమ్మెను, గొంత గ్రంథాలయముల కిచ్చెను. మేలైనవానిఁ గొన్నిటిని వెంటఁ దీసికొనిపోయెను. 1942లో బ్రెజిలుదేశమునఁ బ్రాణములు విడిచెను. ఇతని వారసులు 1986లో నా ప్రతులను బ్రిటిషు గ్రంథాలయమునకు దానముచేసిరి. స్వరములు లేని యా కడపటిపుటల నిప్పు డచ్చటఁ జూడవచ్చును.

బెర్లినుప్రతుల గతియు నా యుద్ధమువలన విచిత్రమైనది. విమానదాడులకు వెఱచి వానిని సిలీషియాప్రాంతమున గ్రూసావు మఠమునకుఁ దరలించిరి. యుద్ధానంతరమున నాప్రాంతము పోలెండునకుఁ జేరెను, ప్రతులు కానరావయ్యెను. దగ్ధములైనవని పలువురు దుఃఖించిరి. అవి క్రాకోవు విశ్వవిద్యాలయగ్రంథాలయమున నుండెను. 1977లోఁ బోలెండు ప్రభుత్వము "మాయావేణువు" నాటకసంగీతముతోఁ గూడఁ గొన్ని ప్రతులను దూర్పుజర్మనీకి మరల నిచ్చెను. తక్కినవి క్రాకోవుననే యున్నవి. "ఫిగరో" నాటకసంగీతమునకు మొదటి రెండంకములు బెర్లినునను, కడపటి రెండంకములు క్రాకోవునను గలవు.

పైఁ జెప్పిన పితృకర్మగానప్రతి యుద్ధమునుండి చెక్కుచెదరక తప్పించుకొనెను. 1958లో బ్రస్సెల్సునగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమునకు దానినిఁ బంపిరి. మోజార్టు వ్రాసిన కడపటిపుట క్రిందిమూలను, ముందటి భాగమును మరలఁ బాడుఁడని యతఁడే స్వహస్తముతో వ్రాసిన మూఁడునాలుగు మాటలుండెను. అతని కలమునుండి వెడలిన తుదిమాట లవియే కావచ్చునని పలువు రందురు. ప్రదర్శనశాలలో నెవ్వరో యా మూలను జించుకొనిపోయిరి. అంతకుముందే యచ్చయిన ఛాయాప్రతులవలన నా మాటలు మనకుఁ దెలియును. కాగితపుముక్క యిప్పటికిని దొరకలేదు.