సందర్భం (సమాచార నిర్మాణం)

సమాచార నిర్మాణంలో సందర్భం అనగా ఒక సమాచారాన్ని సరిగా గ్రహించుటకు దానితోపాటు తెలియవలసిన స్థలం, కాలం, ప్రయోజనం వంటి వివరాల సముదాయం. అచ్చు పుస్తకంలో ముఖపత్రం, ముద్రణ సంవత్సరం, విషయసూచిక ఈ వివరాలను అందిస్తాయి. అంతర్జాలంలో పాఠకుడు వెతుకులాట ద్వారా నేరుగా లోపలి పేజీకే చేరుతాడు. కనుక ప్రతి పేజీ తన సందర్భాన్ని తానే తెలుపవలసి ఉంటుంది.

నేపథ్యం

భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించాడు. ఆయన సిద్ధాంతంలోని ఐదు మూల వర్గాలలో స్థలం, కాలం కూడా ఉన్నాయి. వెబ్‌సైట్ల సమాచార నిర్మాణంపై లూయీ రోజెన్‌ఫెల్డ్, పీటర్ మోర్విల్ రచించిన గ్రంథం మొదటి కూర్పు 1998లో వెలువడింది. ఈ రంగంలో సందర్భం, విషయం, వినియోగదారులు అనే మూడింటినీ కలిపి పరిశీలించడం వారి విధానం.

ఉదాహరణ: రాజాం

"రాజాం ఏ జిల్లాలో ఉంది?" అన్న ప్రశ్నకు సమాధానం సందర్భాన్ని బట్టి మారుతుంది.

* పరిపాలన: 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడక పూర్వం ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజాం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలో చేరింది.
* ఎన్నికలు: రాజాం శాసనసభ నియోజకవర్గం 2009 ఎన్నికల నాటికే విజయనగరం లోక్‌సభ నియోజకవర్గంలో భాగం.
* తపాలా: పిన్ కోడ్ 532127. ఇందులోని 532 శ్రీకాకుళం ప్రాంతానిది; విజయనగరం పట్టణపు పిన్ కోడ్ 535తో మొదలవుతుంది.
* జనగణన: 2011 లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. ఈ సంఖ్యలో రాజాం జనాభా కూడా కలిసి ఉంది.

2011 నాటి సంఖ్యను నేటి జిల్లా పటం పక్కన సంవత్సరం లేకుండా ఉంచినచో, సంఖ్య, పటం రెండూ సరైనవే అయినా పాఠకునికి తప్పు అర్థం కలుగుతుంది. అట్లే పాత వ్యాసాలలోని "శ్రీకాకుళం జిల్లా రాజాం" అన్న మాటను అన్నిచోట్ల యాంత్రికంగా మార్చినచో చరిత్ర తప్పుతుంది.

పేర్ల అయోమయం

బొబ్బిలి యుద్ధం 1757లో జరిగిన యుద్ధం. అదే పేరుతో 1964లో చలనచిత్రం వచ్చింది. తాండ్ర పాపారాయుడు ఆ యుద్ధానికి సంబంధించిన వీరుడు. 1986 నాటి చిత్రం పేరు కూడా అదే. ఇటువంటి పేర్ల పక్కన కుండలీకరణాలలో "సినిమా" అని చేర్చుట సందర్భాన్ని తెలిపే సులభమైన పద్ధతి.

రూపకల్పనలో పద్ధతులు

* ప్రతి గణాంకం పక్కన సంవత్సరం, నాటి జిల్లా పేరు తెలుపుట.
* పేజీ పైభాగంలో రాష్ట్రం, జిల్లా, మండలం వరుసను చూపుట.
* పాత జిల్లా పేరుతో వెతికిన వారిని కూడా సరైన పేజీకి చేర్చుట.
* జిల్లా మారినా మారని గుర్తింపు సంఖ్యను గ్రామానికి కేటాయించుట.

ఇవి కూడా చూడండి

* గ్రంథాలయ వర్గీకరణ
* రాజాం
* విజయనగరం జిల్లా