కుక్కకు పచ్చి మాంసం: ప్రాణహిత ఒడ్డు నుంచి చూస్తే

మహారాష్ట్రలో ప్రాణహిత నది వెంట, సిరోంచ నుంచి అహేరి, ఆలాపల్లి దాకా సాగే అడవి పట్టీలో నాగేపల్లి లాంటి ఊళ్లలో తెలుగు, మరాఠీ, మాడియా ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇందులో సిరోంచ వైపు నేల 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. కొన్నేళ్లు సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా నడిచింది. 1874లో ఆ జిల్లా రద్దయి సిరోంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. ప్రభుత్వాలు ఇన్నిసార్లు మారినా ఇక్కడి కుక్క తిండి చాలాకాలం మారలేదు. ఇంట్లో గంజి, మిగిలిన అన్నం, జావ అడుగు. బయట దానికి దొరికింది.

ఇప్పుడు పెద్ద నగరాల్లో కుక్కలకు, పిల్లులకు పచ్చి మాంసాన్ని ఎముకతో సహా కైమా కొట్టి, గడ్డకట్టించి, ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఇదే వాటి సహజాహారమని, వండిన తిండి మనుషులు వాటికి అంటగట్టిన దురలవాటని కొందరు గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో, మన నేలలో కుక్క నిజంగా ఏం తిని బతికిందో పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకు ప్రాణహిత ఒడ్డు మంచి చోటు. వేట, పశువుల కళేబరాలు, కటిక కొట్టు, కోళ్ల ఫారాలు, పులులు అన్నీ ఇక్కడికి దగ్గరే.

ముందు వేట సంగతి. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల కింద వేటకుక్కలకు కూడా చోటు దక్కింది. తర్వాతి తెలుగు ప్రబంధాల్లో వేట ఘట్టం తప్పనిసరి వర్ణన అయింది. పెద్దన స్వరోచిని, ధూర్జటి తిన్నడిని అడవికి పంపినవారే. రాజులకు అది వినోదమైతే, గోదావరికి ఇటూ అటూ ఉన్న గోండులకు, కోయలకు, మాడియాలకు వేట తిండికి దారి. అక్కడ కుక్క పనిమనిషితో సమానం. జంతువును నిలేసిన కుక్కకు కోత దగ్గరే పేగో, నెత్తుటి ముద్దో దక్కేది. పచ్చి మాంసమే, కానీ వేట పడిన రోజు మాత్రమే. వేట రోజూ పడదు. మిగతా రోజుల్లో దానికీ మనిషికీ ఒకే కుండ.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. ఆ మరుసటి ఏడాది చివర్లో సంఘసేవకుడు బాబా ఆమ్టే ఆలాపల్లికి పైనున్న హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప అనే సేవా కేంద్రాన్ని మొదలుపెట్టారు. అక్కడ ఆయన కొడుకు ప్రకాశ్ ఆమ్టే, మందాకిని దంపతులు వేటలో తల్లిని పోగొట్టుకున్న జంతువుల పిల్లలను చేరదీసి పెంచారు. చిరుతలు, ఎలుగులు వాళ్ల పెరట్లో పెరిగాయి. 2008లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. చిరుతను పెంచేవాడు మాంసం ప్రశ్నను దాటలేడు. దానికి గంజి పోసి సరిపెట్టలేం. కుక్కకు పోయగలం. ఈ తేడా ఎందుకో తెలియడానికి చాలాకాలం పట్టింది.

2013లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు తోడేళ్ల, కుక్కల జన్యువులను పోల్చి ‘నేచర్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. వ్యవసాయం చేసే మనిషి గుమ్మంలో వేల ఏళ్లు ఎంగిలి తిని కుక్క శరీరమే మారిపోయింది. తోడేలు వంశం కనుక తోడేలు తిండే పెట్టాలనే వాదానికి ఇది గట్టి జవాబు. నాగేపల్లి కుక్క గంజి తాగి బతికిందంటే అది ఓర్చుకుని కాదు, అరిగించుకుని బతికింది.

పిల్లి కథ వేరు. అది ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల కోసం మనతో చేరింది, తిండి మార్చుకోలేదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. మాంసం నుంచి రావాల్సిందే. విటమిన్ ‘ఎ’ను కూరగాయల నుంచి తీసుకోలేదు. మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలు పెట్టి అదే దాని తిండనుకున్నాం. నిజానికి అది ఎలుకలు, తొండలు, పిట్టలు తిని ఆ లోటు పూడ్చుకునేది. తలుపులు మూసిన అపార్ట్‌మెంట్లో ఆ దారి లేదు. అక్కడ పెరుగన్నంతో పిల్లిని పెంచితే అది నెమ్మదిగా చూపు, గుండె బలం పోగొట్టుకుంటుంది. పచ్చి మాంసం వాదుల మాటల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఒక్కటే: పిల్లికి మాంసం కావాలి. అది పచ్చిగానే ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న మీద మొదటి పెద్ద గొడవ కాలిఫోర్నియాలో లేచింది. ఫ్రాన్సిస్ పాటెంజర్ అనే వైద్యుడు 1932 నుంచి పదేళ్లపాటు వందల పిల్లులను పెంచి, కొన్నిటికి పచ్చి మాంసం, కొన్నిటికి వండిన మాంసం పెట్టాడు. వండినది తిన్నవి తరం తరానికీ క్షీణించాయని రాశాడు. ఈనాటికీ పచ్చి మాంసం సమర్థకులు ముందుగా చూపే సాక్ష్యం అదే. పిల్లికి టారిన్ అవసరమని అప్పటికి ఎవరికీ తెలియదు. 1975లో టారిన్ లోపంతో పిల్లి కంటిపొర చెడుతుందని తేలింది. దుకాణంలో కొన్న తిండి తింటున్న పిల్లులకు సైతం అదే లోపంతో గుండె కండరం సాగిపోతోందని 1987లో బయటపడింది. టారిన్ నీటిలో కరుగుతుంది. మాంసం ఉడికించి నీళ్లు వంచేస్తే చాలా భాగం అందులోనే పోతుంది. పాటెంజర్ పిల్లులకు జరిగిన నష్టంలో వంట పాత్ర ఉంటే, అది ఇలాంటి లోపం వల్లే అని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. కాబట్టి మాంసం ఉడికించిన నీళ్లు పారబోయకూడదు, ముక్కతో పాటే పెట్టాలి.

కుక్క తిండి దుకాణానికి ఎక్కింది 1860 ప్రాంతంలో. లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ గోధుమ, కూరగాయలు, మాంసం కలిపిన కుక్క బిస్కెట్లు అమ్మాడు. 1922లో అమెరికాలో గుర్రపు మాంసం డబ్బాల్లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో డబ్బా రేకుకు కరువొచ్చి పొడి తిండి పెరిగింది. 1957లో యంత్రంలో ఉడికించి ఉబ్బించిన గింజలు ప్యూరినా వాళ్లు తెచ్చారు. ఆ రకమే ఇప్పుడు మన సిద్దిపేట జిల్లాలో మార్స్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారవుతోంది. 2021లో దాని విస్తరణకు రూ.500 కోట్లు ప్రకటించారు. ఈ గింజల మీద తిరుగుబాటుగా 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ రాసిన పుస్తకం పచ్చి మాంసం, పచ్చి ఎముకల వాదానికి ఊపునిచ్చింది. ఫ్రీజర్ ప్యాకెట్ ఆ వాదానికే కొనసాగింపు. మన నేల ఆచారం అందులో ఏమీ లేదు.

మన నేలలో పచ్చి మాంసానికి ఉన్న అసలు చరిత్ర కళేబరాలది, కటిక కొట్లది. చచ్చిన పశువును ఊరి బయట పడేస్తే రాబందులు గంటల్లో ఎముకలు మిగిల్చేవి. 1990ల నుంచి పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. తెల్లవీపు రాబందులు దేశంలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఈలోపు కళేబరం కుక్కల పాలైంది. రాబందుల పతనంతో దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగి ఉంటాయని 2008లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ప్రాణహితకు ఈవల, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. ఆవల గడ్చిరోలి అటవీ శాఖ వాటి కోసం మందు అవశేషం లేని కళేబరాలు వేసే చోట్లు ఏర్పాటు చేసింది. మందు నిషేధం, ఈ చోట్ల ఏర్పాటు రెండూ కుక్క తిండి చరిత్రలో భాగమేనని నేను అనుకుంటాను. రాబందు తిరిగొస్తే కుక్కకు కుళ్లిన పచ్చి మాంసం తగ్గుతుంది.

కటిక కొట్టు దగ్గర ప్రమాదం ఇంకో రకం. గొర్రె, మేక, పశువు కోసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కనిపిస్తే ఆ భాగం పనికిరాదని కుక్కలకు విసురుతారు. ఆ తిత్తిలోనే ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్ల దశలో ఉంటుంది. అది కుక్క పేగులో పెద్దదై గుడ్లు పెడుతుంది. గుడ్లు కుక్క మలం నుంచి గడ్డికి, ఆకుకూరకు, పిల్లల చేతులకు చేరతాయి. మనిషి కాలేయంలో ఏళ్ల తరబడి తిత్తి పెరిగి చివరికి ఆపరేషన్ దాకా వస్తుంది. దీన్నే హైడాటిడ్ జబ్బు అంటారు. దేశంలో ఇది ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్ర పేరు వైద్య పుస్తకాల్లో మొదటి వరుసలో ఉంది.

ఐస్‌లాండ్‌కు 19వ శతాబ్దంలో ఇదే పీడ. హారల్డ్ క్రాబ్ అనే డేనిష్ శాస్త్రవేత్త 1863లో అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించాడు. ఏం చేయాలో చెప్పే చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. కుక్కలకు పచ్చి అవయవాలు వేయడం ఆపి, వాటికి పురుగుల మందు ఇచ్చి, దశాబ్దాల్లో ఆ జబ్బును దేశం నుంచి దాదాపుగా తరిమేశారు. న్యూజిలాండ్ 1959లో ప్రత్యేక చట్టం చేసి, 2002 నాటికి జబ్బు పోయినట్టు తాత్కాలికంగా ప్రకటించుకోగలిగింది. గొర్రెలు, కుక్కలు కలిసి బతికే రెండు దేశాలు కుక్కకు పచ్చి కార్జం వేయవద్దన్న చిన్న నియమాన్ని పట్టుదలగా పాటించి గెలిచాయి. మనం ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక ఫ్రీజర్. గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయన్నది సగం నిజం. తగినంత చలిలో తగినన్ని రోజులు ఉంచితే బద్దెపురుగుల తిత్తులు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చస్తాయి. సాల్మొనెల్లా, లిస్టీరియా అనే బాక్టీరియాలు మాత్రం నిద్రపోతాయి. మంచు కరగగానే లేస్తాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010–2012 మధ్య పెంపుడు జంతువుల పచ్చి ఆహారం 196 నమూనాలు పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికాయి. 2012లో అమెరికా పశువైద్య సంఘం పచ్చి మాంసం పెట్టవద్దని విధానంగా ప్రకటించింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే, కరెంటు పోయే ఊళ్లలో ప్యాకెట్ ఎన్నిసార్లు కరిగి మళ్లీ గట్టిపడుతుందో ఊహించవచ్చు.

చలికి లొంగని మరో శత్రువు బర్డ్ ఫ్లూ వైరస్. 2004 అక్టోబరులో థాయ్‌లాండ్‌లోని శ్రీరాచా పులుల జూలో పచ్చి కోడిమాంసం తిన్న పులులకు హెచ్5ఎన్1 సోకింది. 441 పులుల్లో 147 చనిపోయాయి, లేదా చంపాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో అమెరికాలోని ఓరెగాన్‌లో గడ్డకట్టించిన పచ్చి టర్కీ ఆహారం తిన్న ఇంటి పిల్లి చనిపోయింది. ప్యాకెట్లోని వైరస్, పిల్లిలోని వైరస్ ఒకటేనని పరీక్షలో తేలింది. అదే నెలాఖరులో మన పక్కనే, నాగ్‌పూర్ గోరేవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో పోయాయి. చంద్రపూర్ అడవుల్లో మనుషులతో గొడవపడ్డాయని పట్టి తెచ్చిన పులులు అవి. కోడిమాంసం మీదే అనుమానం పడింది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఆ వైరస్ దొరికింది. ఫిబ్రవరిలో ఆంధ్రలోని గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ల ఫారాలకు అది చేరింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటలో పచ్చి కోడి ముక్క తిన్న ఒక చిన్నారి చనిపోయింది. నాగ్‌పూర్ నుంచి నరసరావుపేట దాకా గీత గీస్తే నాగేపల్లి ఆ గీతకు ఎంతో దూరంలో లేదు.

ఈ చరిత్ర అంతా చూశాక నా తీర్పు ఇది: పచ్చి మాంసం మన కుక్కకు పండుగ వాటానో, గతిలేని తిండో అయిందే కానీ, నిత్యాహారం ఎన్నడూ కాలేదు. దాన్ని ఇప్పుడు సంప్రదాయమని అమ్మడం తప్పు. కుక్కకు అన్నంతో కలిపి ఉడికించిన మాంసం, పిల్లికి మాంసం, కార్జం, గుండె ముక్కలు ఉడికించిన నీళ్లతో సహా పెట్టండి. ఎముక తీసేసిన మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు, వాటి పిల్లలకు ఎముకలు వంగుతాయి. పశువైద్యుణ్ణి అడిగి కాల్షియం కలపండి. ఉడికిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి, వేయవద్దు. కుక్కకు క్రమం తప్పకుండా ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు వేయించండి. సిరోంచ, అహేరి తాలూకాల్లోనూ, ఇవతల మన ఊళ్లలోనూ పంచాయతీలు ప్రతి కటిక కొట్టు దగ్గరా, చికెన్ సెంటర్ దగ్గరా మూతపెట్టిన గోతులు తవ్వించాలి. తిత్తి కనిపించిన కార్జం కుక్క ముందుకు కాదు, ఆ గోతిలోకి పోవాలి.