ఏలేరు: మన్యంలో పుట్టి మెట్టను తడిపే చిన్న నది
24 టీఎంసీల జలాశయం.. ఒకవైపు ఉక్కు కర్మాగారం, మరోవైపు ఆయకట్టు.. వానొస్తే ముంపు, రాకుంటే ఎద్దడి

ఏలేశ్వరం: గోదావరి జిల్లాల్లో నది అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది అఖండ గోదావరే. ఆ మహానది నీడలో మరికొన్ని చిన్న నదులు ఉన్నాయన్న సంగతి డెల్టా వాసులలో చాలామందికి తెలియదు. గోదావరి కాలువలు ఎక్కని మెట్ట ప్రాంతానికి ఈ చిన్న నదులే ఆధారం. వాటిలో పెద్దది ఏలేరు. ఉత్తరాన మన్యం కొండల్లో పుట్టి, మెట్ట మండలాలను తడిపి, పిఠాపురం పరిసరాల మీదుగా సముద్రాన్ని చేరే ఈ నది వేలాది రైతు కుటుంబాలకు జీవనాధారం. విశాఖ నగరంలోని పరిశ్రమలకు నీరు పంపేది కూడా ఇదే. అదే నది భారీ వర్షాలు కురిసిన ఏడాది ఊళ్ళను, పొలాలను ముంచెత్తుతోంది.

అడవిలో పుట్టుక

తూర్పు కనుమలు సముద్ర తీరానికి దగ్గరగా వచ్చే చోట రంపచోడవరం మన్యం విస్తరించి ఉంది. ఇందులోని అడ్డతీగల, రాజవొమ్మంగి ప్రాంతాల కొండవాలుల్లో పుట్టిన అనేక సెలయేళ్ళు కలిసి ఏలేరుగా రూపొందాయి. ఇక్కడి గిరిజనులు కొండవాగులను గెడ్డలని పిలుస్తారు. అడ్డతీగల వద్ద జలాశయం నిర్మించిన మద్దిగెడ్డ అటువంటి వాగుల్లో ఒకటి. మద్ది, ఏగిస వంటి వృక్షాలు, వెదురు పొదలు ఉన్న ఆకురాల్చు అడవులు ఈ పరీవాహక ప్రాంతమంతటా కనిపిస్తాయి. కొండరెడ్లు, కోయదొరలు, కొండదొరలు తదితర గిరిజన తెగలవారు ఇక్కడ నివసిస్తున్నారు. పోడు వ్యవసాయం, చింతపండు తదితర అటవీ ఫలసాయం వారి జీవనాధారం.

చరిత్రలోనూ ఈ కొండలకు స్థానం ఉంది. మన్యం పితూరీ కాలంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 24న రాజవొమ్మంగి, అక్టోబరు 15న అడ్డతీగల పోలీసు ఠాణాలపై దాడి చేశారు. అడవిపై గిరిజనుల హక్కులను ఆంగ్ల ప్రభుత్వం కాలరాయడం, వెట్టిచాకిరితో రోడ్లు వేయించడం ఆ పోరాటానికి ప్రధాన కారణాలు.

ఏలేరు జీవనది కాదు, వర్షాధార నది. నైరుతి రుతుపవనాల కాలంలో కొండలపై కురిసే వానలతో నిండుతుంది. అక్టోబరు, నవంబరు మాసాల్లో బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాల ప్రభావంతో మరోసారి పొంగుతుంది. వేసవి వచ్చేసరికి ఎగువన గెడ్డలు సన్నని ధారలుగా మారిపోతాయి. కొండవాలులో అడవి దట్టంగా ఉంటే వాన నీరు నేలలోకి ఇంకి, నెమ్మదిగా వాగుల్లోకి ఊరుతుంది. చెట్లు పోయిన చోట ఒక్కసారిగా మట్టితో సహా కిందకు దూకుతుంది. దిగువ రైతు అందుకునే నీటికి, ఎగువన ఉన్న చెట్టుకు గల సంబంధం ఇదే.

మైదానంలోకి..

కొండల నడుమ నుంచి దక్షిణంగా దిగివచ్చిన నది ఏలేశ్వరం వద్ద మైదానంలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని దాటి జగ్గంపేట, కిర్లంపూడి, పెద్దాపురం, సామర్లకోట, గొల్లప్రోలు, పిఠాపురం మండలాల భూములకు నీరందిస్తూ సాగుతుంది. పిఠాపురం పరిసరాల్లో పాయలుగా, కాలువలుగా చీలి, కొత్తపల్లి మండలం వైపు సాగి సముద్రంలో కలుస్తుంది.

ఏలేరుకు తూర్పున ఇటువంటివే మరో రెండు నదులు ఉన్నాయి. అన్నవరం రత్నగిరి పక్కన పారేది పంపా. తుని మీదుగా పారేది తాండవ. మూడూ తూర్పు కనుమల్లో పుట్టి స్వల్ప దూరంలోనే సముద్రాన్ని చేరేవే. కొండకు, కడలికి మధ్య దూరం తక్కువ కావడం వల్ల కొండపై కురిసిన వాన గంటల వ్యవధిలోనే దిగువ పల్లెలను తాకుతుంది. గోదావరి వరద వస్తుందంటే భద్రాచలం నీటిమట్టం చూసి డెల్టావాసి ముందుగానే సర్దుకుంటాడు. ఏలేరు దిగువవాసికి అంత వ్యవధి దొరకదు.

జలాశయం కథ

ఏలేశ్వరం వద్ద నిర్మించిన ఏలేరు జలాశయం పూర్తి నిల్వ సామర్థ్యం 24.11 టీఎంసీలు. పూర్తిస్థాయి నీటిమట్టం 86.56 మీటర్లు. దీనికింద మెట్ట ప్రాంతంలో సుమారు 67 వేల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఈ జలాశయ నిర్మాణానికి విశాఖ ఉక్కు కర్మాగారం ప్రధాన కారణం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారానికి నీటి వసతి కావలసివచ్చింది. జలాశయం ఎడమవైపు నుంచి 153 కిలోమీటర్ల పొడవైన కాలువను తవ్వి, ఉక్కునగరం వద్ద ఉన్న కణితి జలాశయానికి నీటిని చేర్చారు. ప్రధాని పి.వి.నరసింహారావు 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. విశాఖ నగర తాగునీటికీ ఈ కాలువ తోడ్పడుతోంది.

జలాశయం కోసం ఊళ్ళు, భూములు కోల్పోయినవారి త్యాగం దీని వెనుక ఉంది. భూసేకరణ పరిహారం చెల్లింపుల్లో చోటుచేసుకున్న అక్రమాలు ఏలేరు కుంభకోణం పేరిట రాష్ట్రమంతటా చర్చకు దారితీశాయి. నది పేరు ఆ విధంగానూ పత్రికలకు ఎక్కింది.

ఎవరికి ఎంత?

నీరు సమృద్ధిగా ఉన్న ఏడాది తగవు ఉండదు. జలాశయం నిండని ఏడాదే సమస్య. నిల్వ ఉన్న నీటిలో పరిశ్రమలకు, తాగునీటికి కొంత పక్కన పెట్టిన తరువాతనే సాగునీటి లెక్క తేలుతుంది. సార్వా గట్టెక్కినా దాళ్వాకు నీరివ్వగలరా, లేదా అన్నది ప్రశ్నగా మిగులుతుంది. నష్టపోయేది ముందుగా శివారు రైతే. కాలువ తల వద్ద మడి నిండినా చివరి ఎకరాకు నీరు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఈ కారణంగానే గొల్లప్రోలు పరిసరాల రైతులు వరితోపాటు పత్తి, ఉల్లి, కూరగాయల వంటి పంటలనూ నమ్ముకున్నారు.

ఈ కొరతను తీర్చేందుకు గోదావరి జలాలను ఏలేరుకు తరలించాలన్న ఆలోచన కార్యరూపం దాల్చింది. సీతానగరం మండలం పురుషోత్తపట్నం వద్ద 3,500 క్యూసెక్కులను పోలవరం ఎడమ కాలువలోకి ఎత్తిపోసి, అందులో 1,400 క్యూసెక్కులను రెండో దశలో ఏలేరు జలాశయానికి చేర్చేలా పథకాన్ని రూపొందించారు. మొదటి దశను 2017 ఆగస్టు 15న ప్రారంభించారు. పర్యావరణ అనుమతుల వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. ఏలేరు, తాండవ కాలువలను అనుసంధానించే పనులకు 2022 డిసెంబరు 30న నర్సీపట్నంలో శంకుస్థాపన జరిగింది. ఒక చిన్న నది ఇలా గోదావరికి, తాండవకు నడుమ లంకెగా మారుతోంది.

వరద వచ్చిందంటే..

2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపంలో తీరం దాటినప్పుడు ఏలేరు పరీవాహక ప్రాంతం జలమయమైంది. 2024 సెప్టెంబరులో మరోసారి అదే దృశ్యం కనిపించింది. ఎగువ నుంచి పోటెత్తిన నీటితో జలాశయం నిండగా, సుమారు 27 వేల క్యూసెక్కులను దిగువకు వదలవలసివచ్చింది. సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు ఒక క్యూసెక్కు. ఆ లెక్కన 27 వేల క్యూసెక్కుల నీరు ఒక్కరోజు నిలకడగా పారితే రెండు టీఎంసీలకు పైమాటే. పూడిక, తుప్పలు, ఆక్రమణలతో కుంచించుకుపోయిన దిగువ కాలువలు అంతటి నీటిని భరించలేకపోయాయి. గట్లు తెగి పిఠాపురం, గొల్లప్రోలు, కిర్లంపూడి తదితర మండలాల్లో పొలాలు మునిగాయి. కత్తిపూడి-కాకినాడ మార్గంలోని జాతీయ రహదారిపైకీ నీరు చేరింది. గొల్లప్రోలు వద్ద సుద్దగెడ్డ పొంగడంతో కాలనీల ప్రజలు జలదిగ్బంధంలో చిక్కుకున్నారు.

వరి పొట్టదశకు చేరే వేళ వారం రోజులు నీరు నిలిస్తే పైరు కుళ్ళిపోతుంది. ఉల్లి, పత్తి రైతులకు అంత గడువు కూడా ఉండదు. అందుకే గట్ల పటిష్ఠత, కాలువల పూడికతీత, ఆయకట్టు ఆధునికీకరణ పూర్తి చేయాలన్నది ఇక్కడి రైతుల చిరకాల డిమాండ్‌గా ఉంది. జలాశయంలో ముందుగానే కొంత ఖాళీ ఉంచితే వరద తగ్గుతుంది. ఆ తరువాత వానలు ముఖం చాటేస్తే సాగుకు నీరు చాలదు. ఈ రెంటి మధ్య తూకం పాటించడమే ఏలేరు నిర్వహణలో కీలకం.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో జలాశయం, ఆయకట్టు కాకినాడ జిల్లాకు దక్కగా, నది పుట్టిన మన్యం వేరొక జిల్లా పరిధిలోకి వెళ్ళింది. హద్దులు మారినా ఎగువ అడవికి, దిగువ పొలానికి ఉన్న బంధం మాత్రం మారలేదు.

ఏలేరు ముఖ్యాంశాలు

* జన్మస్థానం: తూర్పు కనుమలు, రంపచోడవరం మన్యం
* సంగమం: పిఠాపురం, కొత్తపల్లి మండలాల మీదుగా బంగాళాఖాతం
* జలాశయం: ఏలేశ్వరం
* నిల్వ సామర్థ్యం: 24.11 టీఎంసీలు
* పూర్తిస్థాయి నీటిమట్టం: 86.56 మీటర్లు
* ఆయకట్టు: సుమారు 67 వేల ఎకరాలు
* విశాఖ కాలువ పొడవు: 153 కిలోమీటర్లు
* ఇటీవలి పెద్ద వరదలు: 2020 అక్టోబరు, 2024 సెప్టెంబరు