తుపాకీ గొట్టంలోని మసి చెప్పే చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగానుభవానికి దగ్గరగా ఉండే చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాడిని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు తమ తుపాకులను డిపాజిట్ చేయడం పాఠకులకు తెలిసిందే. వాటిలో పంట కాపలాకు లైసెన్సు పొందిన పాత తుపాకులు, అంటే మూతి నుంచి మందు, గుండు వేసి కడ్డీతో దట్టించేవి, చాలా వచ్చేవి. రికార్డుల్లో వాటిని ‘ఎస్.బి.ఎం.ఎల్.’ అని రాసేవాళ్లం. ఊళ్లలో నాటు తుపాకీ అంటారు.

వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు. పైన నూనెతో నిగనిగలాడుతూ ఉంటాయి, గొట్టం లోపల మాత్రం తుప్పు. శ్రద్ధగా నూనె రాసేవారి తుపాకీకి తుప్పు ఎందుకు పడుతుంది? ఈ చిన్న ప్రశ్న వెంట నడిస్తే అది మనల్ని 1857 దాకా తీసుకుపోతుంది.

మసిలో ఏముంది?

పాతకాలపు తుపాకిమందులో ఉండేవి మూడే సరుకులు: సురేకారం, బొగ్గు, గంధకం. బ్రిటిష్ సైన్యం వాడిన పాళ్లు నూటికి 75, 15, 10. ఈ మందు మొత్తం గాలిగా మారిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగగా బయటికి పోతుంది, మిగిలింది గొట్టం గోడలకు అంటుకుంటుంది. ఆ మసిలో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్లే ఇవీ గాలిలోని తేమను లాగుతాయి. ఆ తేమ ఇనుమును తింటుంది.

లవణం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఆవకాయ జాడీ చూసిన ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక మసి మీద నూనె రాస్తే, మసి నూనె కింద భద్రంగా ఉండి తన పని తాను చేసుకుపోతుంది. కిరసనాయిలుతోనూ ఇంతే.

చెకుముకి రాయి, రంజకం ఉన్న కాలంలో బెడద ఇంతవరకే. 1807లో ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు దెబ్బకు పేలే మందుతో తుపాకీ కాల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. దాని నుంచే తరువాత రాగి క్యాపు వచ్చింది. అందులో పొటాషియం క్లోరేటు కలిపే రకాలు కాలాక మిగిల్చేది పొటాషియం క్లోరైడు. అది మన వంట ఉప్పుకు తోబుట్టువు. దానితో తుప్పు బెడద ఇంకా పెరిగింది.

మసి, కొవ్వు, 1857

తుప్పు నెమ్మదిగా వచ్చే రోగం. యుద్ధరంగంలో సిపాయికి అంతకన్నా తక్షణ సమస్య ఉంది. కాల్చినకొద్దీ మసి పేరుకుని గొట్టం ఇరుకవుతుంది, తరువాతి గుండు దిగదు. అందుకే ‘బ్రౌన్ బెస్’ అనే పాత మస్కెట్‌లో గొట్టం వెడల్పు 0.75 అంగుళాలైతే గుండు సుమారు 0.69 మాత్రమే ఉండేది. ఆ ఖాళీ వల్ల మసి పట్టినా గుండు జారేది, కానీ గురి తప్పేది.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో లెక్క మారింది. గొట్టం 0.577 అంగుళాలు, గుండు 0.568. అంటే రెండింటి మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యో వంతులు తొమ్మిదే! గొట్టం లోపల మరలాంటి గాళ్లు ఉంటాయి. పేలినప్పుడు గుండు వెనుక భాగం విచ్చుకుని ఆ గాళ్లను పట్టుకుంటుంది, గురి అద్భుతంగా కుదురుతుంది. అయితే ఇంత సన్నని సందులో మసి చేరితే గుండు మధ్యలోనే బిగుసుకుంటుంది. దానికి విరుగుడుగా తూటా కాగితానికి గుండు ఉన్న కొసన కొవ్వు, తేనెమైనం కలిపి పూశారు. గుండు దిగుతున్నప్పుడు ఆ జిడ్డు మసిని మెత్తబరుస్తుంది. చరిత్ర పుస్తకాల్లో కొవ్వు సంగతి చదువుతాం గాని, ఆ కొవ్వు ఎందుకు కావలసివచ్చిందో అరుదుగా చదువుతాం. అది గొట్టం మసికి వేసిన మందు.

తూటాను పంటితో చింపడం సిపాయిలకు కొత్త కాదు, పాత మస్కెట్‌కూ అదే డ్రిల్లు. చింపేది మందు ఉన్న కొస, జిడ్డు పూసింది గుండు ఉన్న కొస. అయినా తూటా ఒక్కటే, పట్టుకునే చెయ్యి ఒక్కటే. పైగా ఆ కొవ్వు ఏ జంతువుదో సరఫరా దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. ఆవుదన్నా, పందిదన్నా కాదని రుజువు చూపే స్థితిలో ప్రభుత్వం లేదు.

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఈ మాట పుట్టింది. ఆ నెలాఖరుకే సిపాయిలు తమకు నచ్చిన జిడ్డు తామే పూసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. తరువాత పంటితో కాక వేళ్లతో చింపవచ్చని డ్రిల్లూ మార్చింది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది ముందు తూటాలు పెడితే 85 మంది ముట్టుకోలేదు. అవి జిడ్డు పూయని పాత తూటాలే! మే 9న వారికి సంకెళ్లు వేశారు, మే 10న మీరట్ భగ్గుమంది. జూలై 17న మన హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠీ రెసిడెన్సీపై దాడి జరిగింది.

తిరుగుబాటుకు తూటా ఒక్కటే కారణం కాదు. 1856లో అవధ్‌ను కలుపుకోవడం, అదే ఏడాది సముద్రం దాటి వెళ్లాలన్న సర్వీసు నిబంధన వంటివి ముందే రగులుతున్నాయి. తూటా నిప్పురవ్వ మాత్రమే.

తరువాత కంపెనీ పాలన పోయింది. ఎన్‌ఫీల్డ్ గుండును 0.55 అంగుళాలకు తగ్గించారు. సిపాయిలకు మాత్రం చూడడానికి ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి లోపల గాళ్లు లేని తుపాకీ ఇచ్చారు. 1878 ఆయుధ చట్టంతో సామాన్యుడి చేతిలోని తుపాకీకీ లైసెన్సు తప్పనిసరి అయింది. 1959లో స్వతంత్ర భారతం కొత్త చట్టం తెచ్చుకుంది. నాటు తుపాకీ పంట కాపలాదారుగా దాని కింద కొనసాగింది.

జబ్బులు – చికిత్సలు

ఇక నేను నిత్యం చూసిన ఫిర్యాదులు.

కడిగిన మర్నాడే తుప్పు: నూనెతో మాత్రమే తుడిచారన్నమాట. ముందు తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకుని, నిపిల్ విప్పి, మూతిలో వేడినీళ్లు పోసి, కడ్డీకి చుట్టిన గుడ్డతో తోమాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదలరాదు. వేడినీళ్లకు ఇనుము కాగి తేమ త్వరగా ఆరిపోతుంది. పొడిగుడ్డతో తుడిచాకే నూనె. మర్నాడు మళ్లీ ఒక గుడ్డ దింపి చూడాలి. నల్లగా వస్తే మసి, ఎర్రగా వస్తే తుప్పు.

క్యాపు పేలుతుంది, తుపాకీ పేలదు: నిపిల్ రంధ్రంలో మసిగాని, ఎక్కువైన నూనెగాని అడ్డుపడి ఉంటుంది. సన్నతీగతో శుభ్రం చేస్తే పోతుంది. అయితే వెంటనే చూడబోరాదు. నిప్పు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది. మూతిని మనుషులు లేని వైపు పట్టుకుని చాలాసేపు ఆగాలి.

గుండు మధ్యలో బిగుసుకుంది: అలాగే కాల్చితే గొట్టం పగులుతుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. కాల్చినప్పుడల్లా తడిగుడ్డ ఒకటి దింపితే ఈ తిప్పలే రావు.

ఇటుకపొడితో తోమడం: తుప్పుతోపాటు ఇనుమూ పోతుంది, గొట్టం పలచబడుతుంది. ఇది మానాలి.

ఇక మన కుటుంబాల వారికి ఒక్క మనవి. తాతల నాటి తుపాకీ అటకమీద ఉంటే అది ఖాళీ అని అనుకోవద్దు. ఈ రకం తుపాకీని పైనుంచి చూసి చెప్పలేం. ఆర్మరర్లు కడ్డీని లోపలికి దింపి, మూతి దగ్గర గుర్తుపెట్టి, తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కడ్డీ కొస నిపిల్ దాకా రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. పొడిగా ఉన్న మందు ఎన్నేళ్లైనా చావదు. ఆ పరీక్ష ఇంట్లో చేయకండి, పిల్లల్ని తాకనివ్వకండి. లైసెన్సుదారు కాలం చేసి ఉంటే ఇంట్లో దాచుకోవడం చట్టరీత్యా కుదరదు. దగ్గరి పోలీసు స్టేషన్‌కు ముందుగా కబురు చేసి, వారు చెప్పినట్లు డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసులెవరికైనా అది కావాలంటే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.