34 నిమిషాల దగ్గర

విండోస్ ఎక్స్‌పీ ఎక్కించిన చేతులకు ఆ నీలం తెర ఇంకా గుర్తుంటుంది. ఎడమపక్క ఒక లెక్క నడిచేది, ఇంకా 39 నిమిషాలు అని. అది 34 దగ్గరికి రాగానే సిస్టమ్ తన ఒంట్లో ఏయే పార్టులున్నాయో వెతుక్కోవడం మొదలుపెట్టేది. ఆర్మూర్‌లో నా చేతికొచ్చిన మొండి సిస్టములు చాలావరకు అక్కడే మొరాయించాయి. అప్పటికే ఇంటివాళ్లు క్యాబినెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మానిటర్ ముందు చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. ఇంటి పెద్దాయన పది నిమిషాలకోసారి తొంగిచూసి "ఎక్కిందా?" అనేవాడు. ఎక్కలేదని చెప్పడం కంటే కష్టం, ఎందుకు ఎక్కలేదో చెప్పడం.

మా ఊళ్లో కంప్యూటర్ మెకానిక్ కొత్తగా పుట్టినవాడు కాదు, టీవీ మెకానిక్కే పేరు మార్చుకున్నాడు. నేనూ అంతే. తొంభైలలో మామిడిపల్లి చౌరస్తా దగ్గర ఒక టీవీ దుకాణంలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పని నేర్చుకున్నాను. పక్కనే ఎస్టీడీ బూత్. 1984లో సీ-డాట్ మొదలై, ఆ సంస్థ చేసిన ఎక్స్ఛేంజీలు చిన్న ఊళ్లకు చేరినాక వెలిసిన పసుపు బోర్డుల బూత్‌లలో అదొకటి. మా దిక్కు ఏ వాడకు పోయినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఒకరుంటారు. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి, ఇక్కడ శుక్రవారం బూత్ ముందు వరుస. ఆ తర్వాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లికార్డులతో డీటీపీ సెంటర్లు వచ్చాయి. ఊళ్లో నేను మొదట మూత విప్పిన కంప్యూటర్లు వాళ్లవే.

ఇళ్లలోకి కంప్యూటర్లు ఎక్కువగా రావడానికి నాకు తెలిసి రెండు కారణాలు. మొదటిది గల్ఫ్. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలై మెల్లగా మా వరకు వచ్చినాక, మొగుడి ముఖం వెబ్‌క్యామ్‌లో చూడొచ్చని తెలిసింది. రెండోది పసుపు. 2003 చివర ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజీ వ్యాపారం మొదలుపెట్టింది, మరుసటి ఏడు పసుపు ఫ్యూచర్స్ వచ్చాయి. ఆ ఒప్పందాలకు నిజామాబాద్ మార్కెట్టే ఆధారం. బండి యార్డుకు తోలకముందే ధర చూడాలన్న ఆశ వ్యాపారులకూ కలిగింది, పెద్ద రైతులకూ కలిగింది. పిల్లల చదువు మూడో కారణమని అందరూ చెప్పేవాళ్లు. నా లెక్కలో అది సాకు.

బ్రాండెడ్ కొనేవాళ్లు తక్కువ. మిగతా అందరికీ అసెంబుల్డే. లిస్టు రాసుకుని పొద్దున బస్సుకు సికింద్రాబాద్ పోవడం, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దుకాణం దుకాణం తిరిగి ధర అడగడం, సాయంత్రం జేబీఎస్‌లో ఆర్మూర్ బస్సెక్కడం. ఆ బిల్డింగును మేం సీటీసీ అనేవాళ్లం. మానిటర్ డబ్బాకు ఒక సీటు, మదర్‌బోర్డు డబ్బా ఒళ్లో. మేడ్చల్, రామాయంపేట, కామారెడ్డి, డిచ్‌పల్లి. అప్పుడది ఏడో నంబరు జాతీయ రహదారి, 44 అన్నది తర్వాత వచ్చిన నంబరు. నాలుగు లైన్లు కాకముందు ఆ రోడ్డు మీద బస్సు ఎంత ఎగిరిందో, అంతా సిస్టమ్ మీద రాసి ఉండేది.

అది నాకు 2002 వానాకాలంలో తెలిసింది. పెర్కిట్‌లో ఒక ఇంట్లో పెంటియం 4, 128 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్. ఎక్స్‌పీ వచ్చి ఏడాది కూడా కాలేదు. సీడీ పెడితే ఫైళ్లు కాపీ అవుతూ అవుతూ ఫలానా ఫైలు కాపీ కావడం లేదని ఆగింది. మళ్లీ మొదలుపెడితే ఇంకో ఫైలు. మూడోసారి నేరుగా నీలం తెర, దాని మీద 0x00000050 అని నంబరు. సీడీ మీద అనుమానం. మా దగ్గర సీడీలన్నీ కాపీల కాపీలే, దొంగ సరుకే, ఆ మాట దాచడమెందుకు. మూడు సీడీలు మార్చాను. పంతానికి విండోస్ 98 పెడితే హాయిగా ఎక్కింది. "98 ఎక్కింది కదనే, ఎక్స్‌పీలనే ఏదో లోపం" అన్నాడు ఇంటాయన. నేనూ తలూపాను. ఇద్దరిదీ తప్పే.

ఆ రాత్రి మంచంలో పడుకుంటే తట్టింది. సీడీ మీద గీత పడితే ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగాలి కదా. ఆగే చోటు మారుతోందంటే పాడైంది ఫైలు కాదు, అది నడిచిన దారి. పొద్దున్నే పోయి ర్యామ్ పీకి, దాని బంగారు రంగు పళ్లను వాళ్ల పిల్లాడి రబ్బరుతో రుద్ది, రెండు పక్కల కొక్కేలు టక్కుమనేదాకా నొక్కాను. 39 నుంచి సున్నాకు ఎక్కడా ఆగలేదు. ఏడో నంబరు రోడ్డు ర్యామ్‌ను ఒక వెంట్రుకవాసి పైకి లేపిందన్నమాట.

98 ఎందుకు ఎక్కింది, ఎక్స్‌పీ ఎందుకు ఎక్కలేదు అన్నది అర్థం కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. సీడీలో ఫైళ్లు కుదించి ఉంటాయి. ఎక్కించడమంటే వేల ఫైళ్లను ర్యామ్‌లోకి తెచ్చి, విప్పి, సరిచూసి, డిస్క్ మీద రాయడం. ఒక్క బిట్ అటుదిటు అయినా లెక్క తప్పుతుంది. కొత్త సిస్టమ్ పుట్టి అప్పటిదాకా అంత బరువు మోయలేదు. 98 కొద్దిపాటి ర్యామ్‌తో సర్దుకునేది, చెడ్డచోటును ముట్టకుండానే గట్టెక్కేది. ఎన్‌టీ వంశంలో పుట్టిన ఎక్స్‌పీ ఉన్న ర్యామ్ అంతా వాడుకునేది, తేడా వస్తే అక్కడే ఆపేసేది. జనం ఎక్స్‌పీని తిట్టింది అది నిజం చెప్పినందుకే. క్రిస్ బ్రాడీ అనే ఆయన 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 ఒక ఫ్లాపీలో దొరికింది నాకు. విండోస్ అవసరమే లేకుండా బూట్ అయి రాత్రంతా ర్యామ్‌ను గాలించేది. ఎర్ర గీత ఒక్కటి పడినా ర్యామ్ వాపసే. ఆ ఫ్లాపీ వచ్చినాక దుకాణాదారులతో నా వాదులాట సగం తగ్గింది.

అన్నిటికీ ర్యామే దోషి కాదు. అంకాపూర్‌లో ఒక రైతు ఇంట్లో సిస్టమ్ 34 దగ్గర దీపం ఆరినట్టు ఆరి మళ్లీ మొదలయ్యేది. నీలం తెరా లేదు, నంబరూ లేదు. ర్యామ్ రుద్దాను, డిస్క్ మార్చాను, సీడీ మార్చాను. సాయంత్రం చాయ్ తాగుతుంటే ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంది. అప్పట్లో వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది, వంతు రాగానే చుట్టూ బోరు మోటర్లన్నీ ఒకేసారి లేచేవి. మీటర్ పెట్టి చూస్తే ప్లగ్గులో 160 వోల్టులు. ఉత్త క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన, పార్టులకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ అది, చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. 34 దగ్గర పార్టులన్నీ ఒకేసారి నిద్రలేచి కరెంటు అడిగేసరికి అది చేతులెత్తేసేది. రాత్రి పదకొండుకు మోటర్లు ఆగినాక మళ్లీ పెట్టాను, ఎక్కింది. మర్నాడు స్టెబిలైజర్ కొనిపించాను. రైతు మాత్రం "రాత్రిపూట పెడితే మంచి గడియ ఉన్నదన్నట్టు" అని ఊరంతా చెప్పాడు. ఆ తర్వాత ఏడాది అదే సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోందని పిలిస్తే పోయి మూత తీశాను. మాఘం ఫాల్గుణాల్లో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే ఊరు. ప్రాసెసర్ మీది ఫ్యాను, దాని కింది అల్యూమినియం రెక్కలు అన్నీ పచ్చగా, కొమ్ము దంచి చల్లినట్టు.

టీవీ దుకాణంలో నేర్చిన విద్య ఒకచోట బాగా అక్కరకొచ్చింది. 2002 నుంచి నాలుగైదేళ్లు కొన్ని మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి, నెత్తి పగిలి గోధుమరంగు చీము కారేవి. ప్రపంచమంతా వచ్చిన రోగమే అది, లోపలి రసాయనం నాసిరకం కావడం వల్ల. డెల్ లాంటి కంపెనీ 2005లో ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. కోర్సులు చేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్న కుర్రాళ్లు మళ్లీ మళ్లీ ఫార్మాట్ కొడుతుంటే, టీవీ మెకానిక్కులం మూత తీయగానే వేలు పెట్టి చూపించేవాళ్లం. పాత కెపాసిటర్ పీకి కొత్తది అతికితే బోర్డు ఇంకో రెండేళ్లు నడిచేది.

సాటా డిస్కులు వచ్చినప్పుడు మరో పీడ. ఎక్స్‌పీ మొదట నీలం తెరలో ఎఫ్6 నొక్కమనేది. నొక్కి, డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టకపోతే 0x0000007B. డిస్క్ కళ్ల ముందే ఉన్నా దానికి కనపడదు. అప్పటికే ఫ్లాపీ డ్రైవులు పోతున్నాయి, నేను ఒకటి సంచిలో వేసుకుని తిరిగేవాణ్ని. తెలివైన దారి బయాస్‌లో ఏహెచ్‌సీఐ తీసేసి ఐడీఈ పెట్టడం. నవ్వొచ్చేదేమంటే, ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ల కాలంలో అదే కథ మళ్లీ వచ్చింది. బయాస్‌లో వీఎండీ ఆన్‌లో ఉంటే విండోస్ సెటప్‌కు ఎన్‌వీఎంఈ డిస్క్ కనపడదు, డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో అందించాలి. ఎఫ్6 ఫ్లాపీ మనవడే అది.

ఎక్కినాక తెలుగు కావాలంటే ఇంకో మెట్టు. గౌతమి ఫాంటు ఎక్స్‌పీలోనే ఉన్నా, రీజినల్ సెట్టింగుల్లో టిక్కు పెట్టి మళ్లీ సీడీ ఇస్తే తప్ప అక్షరాలు కుదురుగా కూర్చునేవి కావు. హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్లు తెలుగు లినక్స్ తెచ్చారని విని ఒకట్రెండు ఇళ్లలో పెట్టి చూశాను. నాకు నచ్చింది, వెబ్‌క్యామ్ పనిచేయలేదని వాళ్లకు నచ్చలేదు.

2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. అప్పటికే ఫోన్లొచ్చి గల్ఫ్ ముఖాలు చేతిలోకి వచ్చాయి, ఇంటి కంప్యూటర్లు మూల పడ్డాయి. నేను సీసీ కెమెరాల పనిలో పడ్డాను. అసెంబ్లింగ్ పోయిందనే అనుకున్నాను.

2024 దసరా సెలవుల్లో మా వాడకట్టు పిల్లాడు ఫోన్ చేశాడు. బీటెక్ రెండో ఏడు, వాళ్ల నాన్న మస్కట్‌లో. ఆటల కోసం పార్టులన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వీడియోలు చూసి తనే బిగించుకున్నాడు.

"కాకా, విండోస్ 11 మధ్యలనే బందైతుంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటది, ఇంకోసారి ఇంకోటి అంటది. ప్రాసెసరే ఖరాబా? ఇంటెల్‌వి గట్లనే అయినయంట కదా."

ఆ మాటలో నిజముంది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజి తగిలి పాడవుతున్నాయని తేలి, ఆ ఆగస్టులోనే 0x129 అనే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించారు. కానీ వీడిది రైజెన్, ఇంటెల్ కాదు. పోయి చూస్తే బయాస్‌లో ఎక్స్‌పో ఆన్ చేసి, ర్యామ్‌ను 6000 వేగంతో పరుగెత్తిస్తున్నాడు. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్ తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది. ఆగలేక రెండుసార్లు ప్లగ్గు పీకాడట.

ఎక్స్‌పో తీసేయమన్నాను. అయినా ఆగింది, వేరే చోట. అదే పాత లక్షణం. రెండు ర్యామ్‌లూ పీకించి, ఒకదాన్నే ప్రాసెసర్ నుంచి రెండో గాడిలో పెట్టించాను. టక్కుమన్న చప్పుడు వినిపించేదాకా నొక్కమన్నాను. విరుగుతుందేమోనని వాడికి భయం. నేను ఇంటికొచ్చి అన్నం తింటుంటే మళ్లీ ఫోన్.

"ఎక్కింది కాకా! రెండోది గూడ పెట్టాల్నా ఇప్పుడు?"

"పెట్టకు. మొదటిది తీసి, అదొక్కదాన్నే పెట్టి మెమ్‌టెస్ట్ నడిపియ్యి. పొద్దుగాల అస్తా."

"రాత్రంతనా?"

"రాత్రంత. స్టెబిలైజర్ ఉన్నదా మీ ఇంట్ల?"