అక్షరాల బరువు, పుటల వేగం

హైదరాబాదు నుండి ముంబయి పోయే జాతీయ రహదారి మీద సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో జహీరాబాదు పట్టణం ఉన్నది. కర్ణాటక సరిహద్దు అక్కడికి దగ్గర. బీదరు కూడా ఎంతో దూరం లేదు. అందుచేత ఈ ఊరి బజారులో నడిచే విద్యార్థి కంటికి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు ఒకే పూటలో కనబడతాయి. సరిహద్దు దాటితే కన్నడం, ఇంకా పడమటికి పోతే మరాఠీ కనబడతాయి.

జహీరాబాదు అన్న పేరును ఈ లిపులలో కాగితం మీద వ్రాస్తే అయ్యే సిరా ఖర్చు ఇంచుమించు సమానమే. కాని అదే పేరును నేటి కంప్యూటరులో వ్రాస్తే లెక్క మారుతుంది. ఇంగ్లీషులో దానికి 10 బైట్ల చోటు చాలును. ఉర్దూలో 16 బైట్లు పట్టుతుంది. తెలుగులో 27 బైట్లు కావలెను. ఊరు ఒకటే, పేరు ఒకటే; బరువులు మాత్రం మూడు.

ఈ భేదం ఎందుకు వచ్చినది? దాని వలన తెలుగు చదువరికి కలిగిన నష్టమేమి? దానిని ఎట్లా పూరించినారు? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకొంటే, వెబ్ పుట తెరమీదికి త్వరగా రావటానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర యావత్తూ మన చేతికి వస్తుంది.

పాత తంతి చెప్పిన పాఠం

వార్తను త్వరగా పంపవలెనంటే దాని బరువు తగ్గించవలెనన్న తలంపు కంప్యూటర్లతో పుట్టినది కాదు. అమెరికాలో 1844లో వాషింగ్టను, బాల్టిమోరు నగరాల మధ్య తంతి నడిపిన మోర్సు బృందం ఆ సంగతి ముందే గ్రహించినది. ఇంగ్లీషులో అన్నిటికంటె తరచుగా వచ్చే ‘ఇ’ అక్షరానికి వారు ఒకే ఒక్క చుక్కను ఇచ్చినారు. అరుదుగా వచ్చే అక్షరాలకు పొడుగాటి గుర్తులు కేటాయించినారు. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు — ఇదే సూత్రం.

మన దేశపు తంతి కార్యాలయాలలో మరొక ఉపాయం ఉండేది. పండుగలకు, పెండ్లిండ్లకు పంపే శుభాకాంక్షలను ముందే వాక్యాలుగా కూర్చి, వాటికి అంకెలు వేసి పెట్టేవారు. పంపేవాడు అంకె వేస్తే చాలును. తంతి మీద ఆ అంకె మాత్రమే ప్రయాణం చేసేది. అవతలి కార్యాలయంలో గుమాస్తా పట్టిక చూసి పూర్తి వాక్యం వ్రాసి ఇచ్చేవాడు. ఇరువైపులా ముందే ఉన్నదానిని మళ్ళీ మోయనక్కర లేదు. ఈ తంతి సేవ 2013 జూలైలో ముగిసినది గాని, దాని రెండు ఉపాయాలూ నేటి వెబ్ పుటలలో రూపం మార్చుకొని బ్రతికే ఉన్నవి.

తెలుగుకు మూడు బైట్లు

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే వరుసలో సంఖ్యలు ఇవ్వవలెనని యూనికోడ్ అనే ఏర్పాటు జరిగినది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినది. 3072 నుండి 3199 వరకు గల 128 సంఖ్యలు మనవి. ఉదాహరణకు ‘త’ సంఖ్య 3108.

ఈ సంఖ్యలను బైట్లుగా ఎట్లా వ్రాయవలెను? 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చొని, బల్లమీద పరచిన కాగితం మీద ఒక పద్ధతి గీసినారు. దాని పేరు యూటీఎఫ్-8. అప్పటికే ఉన్న ఇంగ్లీషు దస్తావేజులు మారకుండా ఉండవలెనన్నది వారి నియమాలలో ఒకటి. కనుక 127 వరకు గల సంఖ్యలకు ఒక బైటు, 2047 వరకు రెండు బైట్లు, ఆపైన 65,535 వరకు మూడు బైట్లు అయినవి. ఇంగ్లీషు మొదటి గదిలో పడినది. గ్రీకు, రష్యను, అరబీ లిపులు రెండవ గదిలో పడినవి. అరబీ లిపిలో వ్రాసే ఉర్దూ కూడా అక్కడనే ఉన్నది. భారతీయ లిపుల వరుస 2304 దగ్గర దేవనాగరితో మొదలవుతుంది. కాబట్టి మరాఠీ, కన్నడం, తెలుగు మూడవ గదికి పోయినవి. ఇందులో ఎవరి పక్షపాతమూ లేదు. వరుసలో వెనుక నిలిచినవాడికి దూరపు గది దొరికినది, అంతే.

పైగా మన లిపిలో గుణింతపు గుర్తు వేరు సంఖ్య, వత్తు కలిపే పొల్లు వేరు సంఖ్య. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడక్షరాలే. కంప్యూటరుకు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము — ఆరు సంఖ్యలు. ఆరు మూళ్ళు పద్ధెనిమిది బైట్లు.

దగ్గరి దారి, దాని మూల్యం

ఇంటర్నెట్టు మన ఊళ్ళకు వచ్చిన తొలి రోజులలో టెలిఫోను తీగ మీద మోడెము నడిచేది. దాని మేలైన వేగం సెకనుకు 56,000 బిట్లు, అనగా 7,000 బైట్లు. అప్పటి కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగును సరిగా చూపే సౌకర్యం లేదు. విండోస్ ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు వచ్చినది 2001లో. అంతవరకు తెలుగు పుటలు పెట్టదలచినవారి ముందు రెండు దారులు ఉండేవి.

మొదటిది, తెలుగు పాఠాన్ని బొమ్మగా తీసి పెట్టుట. 800 చుక్కల వెడల్పు, 1,000 చుక్కల పొడవు గల నలుపు తెలుపు బొమ్మకు 8 లక్షల బిట్లు, అనగా లక్ష బైట్లు కావలెను. దానిని కుదించకుండా పంపితే పై మోడెము మీద 14 సెకన్లు పైగా పట్టుతుంది. అదే పుటలోని వెయ్యి సంఖ్యలను యూటీఎఫ్-8లో పంపితే 3,000 బైట్లే. అర సెకను కూడా పట్టదు. మూడు బైట్ల తెలుగు బరువని మనం అనుకున్నాము గాని, బొమ్మ ముందు అది దూదిపింజ.

రెండవ దారి సొంత ఫాంట్లు. ఇంగ్లీషు అక్షరాల గదులలోనే తెలుగు ముక్కలను కూర్చి, ఒక్కొక్క సంస్థ తన ఇష్టం వచ్చిన వరుసలో ఫాంటు తయారు చేసుకొన్నది. ఒక ముక్కకు ఒకే బైటు, పుట తేలిక. కాని ఒకరి ఫాంటులో ‘క’ ఉన్న గదిలో మరొకరి ఫాంటులో ‘మ’ ఉండవచ్చును. ఆ ఫాంటు లేని యంత్రంలో పుట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు కనబడేది. ఆ పుటలో ఒక మాటను వెతకటానికి కూడా వీలు లేదు, ఎందుకంటే యంత్రం దృష్టిలో అక్కడ తెలుగే లేదు.

ఈ విధంగా వ్రాసినదంతా ఫాంటుతో పాటు అంతరించే ప్రమాదం ఏర్పడినది. దానిని కొంతవరకైనా కాపాడటానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే పరికరాన్ని తయారు చేసినారు. అది పలు సొంత ఫాంట్ల పుటలను చదివి యూనికోడ్ తెలుగుగా మార్చి చూపేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో మొదలయినది. ఒక బైటు తేలికదనం కంటె, ఎవరైనా ఎప్పుడైనా చదవగలిగే మూడు బైట్ల బరువే మేలన్న తీర్పు క్రమంగా స్థిరపడినది. వేగం కోసం అర్థాన్ని పోగొట్టుకొంటే అది వేగం కాదు గదా!

బరువు అక్షరంలో లేదు, మూటలో ఉన్నది

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ‘త’ యొక్క మూడు బైట్లు 224, 176, 164. ఎత్వపు గుర్తుకు 224, 177, 134. తెలుగు సంఖ్య ఏదైనా సరే మొదటి బైటు ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని మాత్రమే. మొదటి బైటు చూసి మనకు తెలిసే కొత్త సంగతి ఏమీ లేదు. రెండవదానివలన తెలిసేది ఒక్క బిట్టు. మూడవదానివలన ఆరు బిట్లు. అనగా 24 బిట్ల మూటలో అసలు సరుకు ఏడు బిట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది బిట్ల మూటలో సరుకు కూడా ఏడే! తెలుగు అక్షరం బరువు కాదు. దాన్ని కట్టిన మూట పెద్దది.

ఆ మూటను చిన్నది చేసే విద్య అప్పటికే సిద్ధంగా ఉన్నది. 1951లో డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి, అంతిమ పరీక్షకు బదులు వ్యాసం వ్రాయవచ్చునని ఆచార్యుడు ఫానో చెప్పగా, తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలను అతి పొదుపుగా కేటాయించే పద్ధతిని కనుగొన్నాడు; 1952లో ప్రకటించినాడు. ఇది మోర్సు సూత్రానికి గణిత రూపం. 1977లో జాకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ మరొక పద్ధతి చెప్పినారు: ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే దాన్ని తిరిగి వ్రాయక, ‘ఇన్ని బైట్ల వెనుక చూడు, ఇంత పొడవు తీసుకో’ అని వ్రాస్తే చాలును. ఇది తంతి గుమాస్తా పట్టిక వంటిదే. పట్టిక మాత్రం వార్తలోనే ఉన్నది. ఈ రెండూ కలిసిన పద్ధతితో నడిచే జీజిప్ 1992లో వచ్చినది. సర్వరు పుటను కుదించి పంపుతుంది; మన బ్రౌజరు విప్పి చూపుతుంది. తెలుగులో మాటిమాటికీ వచ్చే 224ను మోసే పని దాదాపు తప్పినది.

దూరం, రద్దీ

బరువు తగ్గినంత మాత్రాన పని తీరదు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదులోని సర్వరు నుండి జహీరాబాదుకు వచ్చి పోవటానికి ఒక సెకనులో వెయ్యవ వంతు చాలును. 13,000 కిలోమీటర్ల దూరంలో, అమెరికాలో ఉన్న సర్వరుకైతే తిన్నని తీగ ఉన్నా 130 వంతులు. పుట చేతికి రాకముందే పలకరింపులు, తాళంచెవుల మార్పిడి, కోరిక, జవాబు అని పాత పద్ధతిలో నాలుగు రాకపోకలు జరగవలెను. అక్కడికే అర సెకను దాటుతుంది. కాంతిని తొందర పెట్టలేము. కాబట్టి పుటల ప్రతులను చదువరికి దగ్గరలో ఉంచవలెను. ఈ పనికి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయానికి చెందిన టామ్ లైటన్, డానియల్ లెవిన్ 1998లో అకమాయ్ సంస్థను స్థాపించినారు. లెవిన్ 2001 సెప్టెంబరు 11 నాటి విమాన దాడులలో మరణించినాడు.

మూడవ శత్రువు రద్దీ. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో, నాలుగు వందల గజాల దూరంలో ఉన్న రెండు కేంద్రాల మధ్య సెకనుకు 32,000 బిట్ల ప్రవాహం 40 బిట్లకు పడిపోయినది. అందరూ ఒక్కసారి తొందరపడటమే కారణం. వాన్ జాకబ్సన్ దానిని పరిశీలించి, ప్రతి యంత్రమూ కొద్దిగా మొదలుపెట్టి, దారి ఖాళీగా ఉన్నకొద్దీ రెట్టింపు చేసుకొంటూ పోవలెనని 1988లో ప్రకటించినాడు. నేడు మొదటి విడతలో సాధారణంగా పది పొట్లాలు, సుమారు 14,000 బైట్లు వస్తాయి. కుదించిన తెలుగు పాఠం అందులో ఇమిడితే మొదటి విడతలోనే చదువరి చదవటం మొదలుపెట్టగలడు.

పరీక్షా ఫలితాల రోజున పుట తెరుచుకోక వేచి ఉండే విద్యార్థి ఎదుర్కొనేది ఎక్కువగా ఈ రద్దీయే. చక్కెర మిల్లు ముందు చెరుకు బండ్ల వరుసను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. టెలిఫోను రద్దీ గురించి ఎర్లాంగ్ 1909లో వ్రాసిన పత్రం ఈ శాస్త్రానికి పునాది. ఒక సులభమైన నమూనా ప్రకారం, సెకనుకు వందమందికి జవాబు ఇవ్వగల సర్వరు దగ్గరకు సెకనుకు 50 మంది వస్తే ఒక్కొక్కరికి పట్టే సగటు కాలం సెకనులో యాభయ్యవ వంతు. 90 మంది వస్తే పదవ వంతు. 99 మంది వస్తే పూర్తి సెకను. రాకలు రెట్టింపు అయినవి, ఆలస్యం యాభై రెట్లు అయినది. వందకు చేరితే వరుసకు అంతే లేదు. కనుక అందరికీ పనికివచ్చే పుటను ముందే తయారు చేసి ఉంచుట, అనవసరమైన బొమ్మలు తొలగించుట వంటి జాగ్రత్తలు ఆ రోజున కొన్ని వేలమందికి ఊరట.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ సంగతులను తరగతిలోనే పరీక్షించవచ్చును. విద్యార్థుల చేత ఒక తెలుగు పాఠాన్ని, దాని ఇంగ్లీషు అనువాదాన్ని కంప్యూటరులో సాదా పాఠంగా భద్రపరచించి, రెండింటి పరిమాణం వ్రాయించండి. తరువాత రెండింటినీ జిప్ చేయించి మళ్ళీ వ్రాయించండి. కుదించక ముందున్న భేదం ఎంత తగ్గినదో వారే చెబుతారు. పాఠ్యపుస్తకంలోని ఒక పుట తీసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చినదో లెక్కపెట్టిస్తే హఫ్‌మన్ పద్ధతి చేతితోనే పట్టుబడుతుంది.

పద్ధెనిమిది బైట్ల ‘తెలుగు’ అన్న మాటను ఏ యంత్రంలోనైనా వెతికితే నేడు దొరుకుతుంది. సొంత ఫాంట్లలో వ్రాసిన ఎన్నో పాత పుటలు వాటి ఫాంటు దొరికేదాకా మూగగానే ఉన్నవి.